పుట్టుకతో వచ్చింది మనదయ్యే దారి
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, వేదిక మీది పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఆత్మపరిశీలన, ప్రయాణం, పుస్తక పఠనం – ఈ మూడింటి వల్ల మనిషి తనను తాను ఎలా తెలుసుకుంటాడో చెప్పమని నన్ను పిలిచారు. పుస్తకాన్నీ ప్రయాణాన్నీ కలిపి ఆలోచించడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపి, గట్టు వెంట ఉన్న ఊళ్ల వాళ్లకు పుస్తకాలు అందించారు. అయితే ఇటువంటి అంశం మీద సాధారణంగా మాట్లాడుకుంటూ పోతే వినడానికి బాగానే ఉంటుంది గాని, ఇంటికి వెళ్లాక ఏమీ మిగలదు. అందుకని ఒకే ఒక మనిషి జీవితాన్ని, అందులోనూ ఆయన స్వయంగా రాసిపెట్టిన కొన్ని సంఘటనలను మాత్రమే తీసుకుంటాను. ఆ మనిషి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఇంకా మహాత్ముడు కాని గాంధీ, ముప్పై ఏళ్లు దాటినా తన బతుకు ఏ దారిన పోవాలో తేల్చుకుంటూ ఉన్న గాంధీ.

ముందుగా నా అభిప్రాయం చెప్పి, తరువాత దానికి ఆధారాలు చూపిస్తాను. మనం ‘నేను’ అని పిలుచుకునే దానిలో చాలా భాగం మనం ఎంచుకున్నది కాదు. తినే తిండి, కొలిచే దేవుడు, సిగ్గుపడే సందర్భాలు, గౌరవించే వృత్తులు, చిన్నచూపు చూసే వృత్తులు, ఇవన్నీ అమ్మానాన్నల నుంచి, కులం నుంచి, వీధి నుంచి, బడి నుంచి మనకు అడగకుండానే వచ్చి చేరాయి. ఇంటిపట్టున ఉన్నంత కాలం వాటిని చేత్తో పట్టుకుని చూసే అవసరం రాదు. ఊరు దాటినప్పుడో, ఒక పుస్తకం నిలదీసినప్పుడో ఆ అవసరం వస్తుంది. అప్పుడు కూర్చుని ఆలోచించి, దీన్ని నేను ఉంచుకుంటానా, వదిలేస్తానా అని తేల్చుకోవడమే తనను తాను తెలుసుకోవడం. తేల్చుకున్నట్టు గుర్తు ఏమిటంటే, మర్నాటి నుంచి దినచర్యలో ఏదో ఒకటి మారి తీరుతుంది.

1888లో పద్దెనిమిదేళ్ల గాంధీ బారిస్టరు చదువుకు లండన్ బయలుదేరాడు. మాంసం, మద్యం, పరస్త్రీ ముట్టనని ఒక జైన సాధువు సమక్షంలో తల్లికి మాట ఇచ్చి వెళ్లాడు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. అప్పటికి ఆయన మనసులో శాకాహారం మీద ఏ నమ్మకమూ లేదు. అంతకు ముందు రాజ్‌కోట్‌లో ఒక స్నేహితుడి మాట విని ఇంట్లో తెలియకుండా మాంసం తిన్నవాడు. మాంసం తింటేనే భారతీయులు బలవంతులవుతారని, ఎప్పటికైనా అందరూ బాహాటంగా తినే రోజు రావాలని కోరుకున్నవాడు. తల్లిదండ్రులతో అబద్ధం ఆడలేక మానుకున్నాడంతే. అంటే లండన్‌లో ఆయన పాటిస్తున్న నియమం ఆయనది కాదు, తల్లిది.

ఆ నియమంతో ఆయన పస్తులే ఉన్నాడు. రోజూ పది పన్నెండు మైళ్లు నడిచి, చవక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకునేవాడు గాని తృప్తి ఉండేది కాదు. అలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటలు చూశాడు. లోపలికి అడుగు పెట్టబోతూ తలుపు పక్కన అద్దాల వెనుక అమ్మకానికి పెట్టిన పుస్తకాలు గమనించాడు. వాటిలో హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ రాసిన చిన్న పుస్తకం ఉంది. దాన్ని ఒక షిల్లింగు ఇచ్చి కొని, తిన్నగా భోజనాల గదిలోకి వెళ్లాడు. ఇంగ్లండ్‌లో దిగిన తరువాత కడుపునిండా తిన్న మొదటి భోజనం అదేనని ఆయన రాశారు. ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాక, ఆ రోజు నుంచే తాను ఇష్టపూర్వకంగా శాకాహారి అయ్యానని, తల్లి ముందు ప్రమాణం చేసిన రోజును తలచుకుని సంతోషించానని కూడా రాశారు.

పళ్లెంలో ఏమీ మారలేదు. నిన్నటి వరకు మాంసం లేని తిండే, ఇవాళా మాంసం లేని తిండే. కాని నిన్న తల్లి మాట కోసం తిన్నాడు, ఇవాళ తన మాట కోసం తిన్నాడు. ఈ తేడా బయటివాళ్లకు కనిపించదు గనుక దీన్ని మనం లెక్కలోకి తీసుకోం. నా దృష్టిలో గాంధీ జీవితంలో అసలు మలుపు అక్కడ ఉంది. ఆ ఊళ్లోనే ఇద్దరు థియోసఫిస్టు (అన్ని మతాల సారం ఒకటేనని నమ్మే దివ్యజ్ఞాన సమాజం వారు) అన్నదమ్ములు ఎడ్విన్ ఆర్నాల్డ్ చేసిన భగవద్గీత అనువాదాన్ని తమతో కలిసి చదువుదాం రమ్మన్నప్పుడు, తాను దాన్ని సంస్కృతంలో గాని గుజరాతీలో గాని చదవలేదని ఒప్పుకోవలసి వచ్చి ఆయన సిగ్గుపడ్డారు. పోరుబందరులో పుట్టినవాడికి గీత లండన్‌లో, ఇంగ్లీషులో దొరికింది. పరాయి ఊరు మన ఇంటి పెట్టె తాళం తీసి చూపించడం ప్రయాణాల్లో తరచుగా జరిగే సంగతే.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను కథ మీ అందరికీ తెలుసు. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టిక్కెట్టు ఉన్నా రైలులోంచి దించేశారు. పాఠ్యపుస్తకాల్లో తోసివేత ఉంటుంది గాని, ఆ తరువాతి గంటలు ఉండవు. అది దక్షిణాఫ్రికాలో చలికాలం. ఆయన ఓవర్‌కోటు సామానులో ఉంది. సామాను రైల్వే వాళ్ల దగ్గర ఉంది. అడిగితే మళ్లీ అవమానిస్తారేమోనని అడగకుండా, దీపం లేని వెయిటింగ్ రూములో వణుకుతూ కూర్చున్నాడు. హక్కుల కోసం నిలబడాలా, ఇండియాకు తిరిగి వెళ్లిపోవాలా, అవమానాలు దిగమింగుకుని ప్రిటోరియా వెళ్లి, తాను వకీలుగా ఒప్పుకుని వచ్చిన కేసు ముగించుకోవాలా అని ఆలోచించాడు. పని ఒప్పుకుని మధ్యలో పారిపోవడం పిరికితనమని తేల్చుకున్నాడు. ఆ ఆలోచనకు ప్రశాంతమైన ఆశ్రమం దొరకలేదు. కోటు అడగడానికి ధైర్యం చాలని రాత్రి దొరికింది. ఆత్మపరిశీలనకు తీరిక కావాలని, ఏకాంతం కావాలని వాయిదా వేసేవాళ్లు ఈ వెయిటింగ్ రూమును గుర్తుపెట్టుకోవాలి.

ప్రయాణం గురించి నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మాత్రం వేరే ప్రయాణం. 1901 చివర కలకత్తా కాంగ్రెస్‌కు వచ్చిన గాంధీ, అక్కడ కాంగ్రెస్ నాయకుడు గోపాలకృష్ణ గోఖలే గారి ఇంట్లో నెల రోజులు ఉండి, 1902లో రాజ్‌కోట్‌కు మూడో తరగతిలో వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. అప్పటికి ఆయన డబ్బున్న బారిస్టరు. మూడో తరగతి వాళ్ల కష్టాలు స్వయంగా తెలుసుకోవాలన్నది ఉద్దేశం. గోఖలే గారు మొదట నవ్వేశారు, సంగతి విన్నాక సంతోషంగా ఒప్పుకున్నారు. స్వీట్లు, పూరీలు నింపిన టిఫిన్ డబ్బా ఇచ్చారు. గాంధీ పన్నెండు అణాలు పెట్టి ఒక కాన్వాసు సంచి, ఛాయా ఊరి ముతక ఉన్నితో ఒక పొడవాటి కోటు సమకూర్చుకున్నాడు. ఒక ధోవతి, ఒక తువ్వాలు, ఒక చొక్కా, కప్పుకోవడానికి ఒక దుప్పటి, ఒక చెంబు, అంతే సామాను. స్టేషనుకు వద్దన్నా గోఖలే గారు వచ్చారు, ఆయనతో పాటు శాస్త్రవేత్త డాక్టర్ ప్రఫుల్ల చంద్ర రే కూడా వచ్చారు. నువ్వు మొదటి తరగతిలో వెళ్లి ఉంటే నేను వచ్చేవాణ్ణి కాదు, ఇప్పుడు రాక తప్పలేదు అన్నారట గోఖలే గారు. దారిలో కాశీ, ఆగ్రా, జైపూర్, పాలన్‌పూర్‌లలో ఒక్కో రోజు ఆగుతూ, పాలన్‌పూర్‌లో తప్ప మిగతా చోట్ల ధర్మశాలల్లోనో పండాల (యాత్రికులకు పూజలు చేయించే పురోహితుల) ఇళ్లలోనో ఉంటూ వెళ్లాడు. రైలు ఛార్జీతో కలిపి మొత్తం ఖర్చు 31 రూపాయలు దాటలేదు.

కాశీలో జరిగిన సంగతి చెబుతాను. గంగలో స్నానం చేసి విశ్వనాథుడి దర్శనానికి వెళ్తే, ఇరుకు సందు, ఈగలు, దుకాణదారుల గోల, గుమ్మంలో కుళ్లిన పూల వాసన ఆయనను బాధపెట్టాయి. ధ్యానం కోసం వెళ్లిన చోట ధ్యానం తనలోనే వెతుక్కోవలసి వచ్చిందని రాశారు. గుడి పక్కనున్న జ్ఞానవాపి బావి దగ్గర దక్షిణ వేయడానికి మనసు రాక, ఒక్క పై, అంటే అణాలో పన్నెండో వంతు, ఇచ్చాడు. పండాకు కోపం వచ్చింది. దాన్ని విసిరికొట్టి, ఈ అవమానానికి నరకానికి పోతావని శపించాడు. నాకు రాసిపెట్టి ఉన్నది జరుగుతుంది గాని మీరు ఇలా మాట్లాడకూడదు, కావాలంటే ఈ పై తీసుకోండి, లేకపోతే ఇదీ పోతుంది అని గాంధీ దాన్ని ఏరుకుని నడిచాడు. పండా వెనక్కి పిలిచి, నీలాగే నేనూ ఉండకూడదు, నేను తీసుకోకపోతే నీకు కీడు అంటూ ఆ పైని పుచ్చుకున్నాడు. హిందువుగా పుట్టి కాశీని వినికిడితో గౌరవించిన మనిషి, ఆ రోజు కాశీలో దేన్ని గౌరవించగలడో, దేన్ని గౌరవించలేడో స్వయంగా తెలుసుకున్నాడు. మొదటి తరగతిలో వచ్చి, పెద్ద మనిషిగా దర్శనం చేసుకుని ఉంటే ఇది తెలిసేది కాదు.

దీని పక్కన మన తెలుగువారి గొప్ప కాశీయాత్రను పెట్టి చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న బయలుదేరి, హైదరాబాద్, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. సుమారు వంద మంది పరివారంతో, పల్లకీలో సాగిన యాత్ర అది. దారులు, ఊళ్లు, ధరలు, ఆచారాలు ఆయన రాసినంత శ్రద్ధగా ఆ కాలంలో ఏ తెలుగువాడూ రాయలేదు. ఆ గ్రంథం మనకు నిధి. కాని అది దేశాన్ని తెలిపే గ్రంథం, యాత్రికుణ్ణి తక్కువగా తెలిపే గ్రంథం. వంద మంది వెంట ఉంటే ఇల్లు కూడా వెంట వచ్చినట్టే. వీరాస్వామయ్య గారి ఉద్దేశమే వేరు గనుక ఇది లోపమని అనడం లేదు. ఏ ప్రయాణం మనకు ఏది ఇస్తుందో ముందే తెలిసి ఉండడం మంచిదని అంటున్నాను.

ఇక చదువు సంగతి. విద్యార్థులకు ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి చెప్పాలి. గాంధీ ఎక్కువ పుస్తకాలు చదివినవాడు కాదు. చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకాలు దాటి దాదాపు ఏమీ చదవలేదని, పనుల్లో పడ్డాక తీరిక లేదని, తక్కువ చదవడం వల్లనే చదివింది బాగా జీర్ణమైందని ఆయనే అన్నారు. తరువాత ఎరవాడ జైల్లో చాలా చదివారు గాని, ఆయన్ని తయారుచేసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జొహాన్నెస్‌బర్గ్‌లో ఉండగా గీత కంఠస్థం చేయాలనుకున్నారు. పొద్దున పళ్లు తోముకోవడానికి పదిహేను నిమిషాలు, స్నానానికి ఇరవై నిమిషాలు పట్టేవి. పళ్లు తోముకుంటూ నిలబడే చోట ఎదురుగా గోడకు శ్లోకాలు రాసిన కాగితం ముక్కలు అంటించి, వాటిని చూసి వల్లె వేసేవారు. స్నానం చేస్తూ పాతవి నెమరు వేసుకునేవారు. అలా పదమూడు అధ్యాయాలు వచ్చాయి. ఆ శ్లోకాల్లో అపరిగ్రహం, అంటే సొత్తు కూడబెట్టకపోవడం, సమభావం అన్నవి ఆయనను వదలలేదు. అంతకు ముందు బొంబాయిలో ఒక ఏజెంటు మాటలకు లొంగి పదివేల రూపాయలకు జీవిత బీమా చేయించుకున్నారు. ఇప్పుడు ఆ పాలసీని రద్దు కానివ్వమని, కట్టిన సొమ్ము పోయినట్టే అనుకోమని ఉత్తరం రాశారు. ఇకపై తన పొదుపు సొమ్ము ఇంటికి రాదని, అక్కడి భారతీయుల పనికే పోతుందని తండ్రిలా పెంచిన అన్నగారికీ రాశారు. అన్నగారు చాలా కోపగించుకున్నారు.

ఇక్కడ నేను ఆగక తప్పదు. గోడ మీది శ్లోకం పాలసీ దాకా వెళ్లడం నాకు గొప్పగానే అనిపిస్తుంది. కాని ఆ పాలసీ ఆయన పోయాక భార్యాబిడ్డలకు అందవలసిన డబ్బు. కస్తూర్బా గారిని అడిగినట్టు ఆయన రాయలేదు. ఒకరు తనను తాను తెలుసుకునే దారిలో ఇంటిల్లిపాదీ భారం మోయవలసి వస్తే, ఆ మాట కూడా మనం గట్టిగా అనాలి.

1904లో గాంధీ జొహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైలెక్కుతుంటే, సాగనంపడానికి వచ్చిన మిత్రుడు హెన్రీ పోలక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. అది జాన్ రస్కిన్ రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’. ఇరవై నాలుగు గంటల ప్రయాణం. మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయారు. సాయంత్రం డర్బన్‌లో దిగి, ఆ రాత్రి నిద్రపోలేదు. అందరి మేలులోనే ఒకరి మేలు ఉందన్నది తనకు ముందే తెలుసని, మంగలి పనికీ వకీలు పనికీ విలువ ఒక్కటేనన్నది మసకగా తోచిందని, కష్టం చేసుకుని బతికే రైతు బతుకు, చేతిపనివాడి బతుకే బతకదగ్గ బతుకన్నది మాత్రం ఎన్నడూ తట్టలేదని రాశారు. తన లోతైన నమ్మకాల్లో కొన్ని ఆ పుస్తకంలో ప్రతిఫలించాయని కూడా అన్నారు. తెల్లవారేసరికి ఆచరణకు సిద్ధంగా లేచారు.

ఆచరణ అంటే ఏమిటో చూడండి. 1903 నుంచి నడుస్తున్న ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను డర్బన్ నుంచి పొలానికి తరలించాలని, పనిచేసే ప్రతి ఒక్కరూ, ఏ జాతివారైనా, నెలకు ఒకే విధంగా మూడు పౌండ్లు తీసుకోవాలని అక్కడి మిత్రుడు ఆల్బర్ట్ వెస్ట్‌తో మాట్లాడారు. ఫీనిక్స్ దగ్గర చిన్న ఊట, కొన్ని నారింజ, మామిడి చెట్లు ఉన్న ఇరవై ఎకరాలు, దాని పక్కనే ఇంకా ఎక్కువ పండ్ల చెట్లు, ఒక పాడుబడ్డ ఇల్లు ఉన్న ఎనభై ఎకరాలు, మొత్తం వెయ్యి పౌండ్లకు కొన్నారు. పాముల బెడద ఉన్న నేల. రేకుల షెడ్డు వేసి ప్రెస్సు పెట్టారు. అక్కడ అచ్చు వేసిన మొదటి సంచిక రాత్రి, ఇంజను మొరాయించింది. ఎంతకీ కదలలేదు. వెస్ట్ కళ్లనీళ్లతో వచ్చాడు. ఇలాంటిది జరగవచ్చని గాంధీ ముందే చేత్తో తిప్పే చక్రం ఒకటి పెట్టించి ఉంచారు. దాన్ని తిప్పాలంటే ఒకేసారి నలుగురు కావాలి. ఉన్నవాళ్లంతా అలసిపోయి ఉన్నారు. పని ముగించుకుని అక్కడే నిద్రపోతున్న వడ్రంగులను లేపి సాయం అడిగితే, అంతకంటేనా అంటూ లేచారు. వంతులు వేసుకుని తెల్లవార్లూ తిప్పారు. వెస్ట్ ప్రార్థనాగీతం పాడుతుంటే గాంధీ కూడా చక్రం తిప్పారు. ఉదయం ఏడింటికి ఇంజనీరు మళ్లీ ప్రయత్నిస్తే ఇంజను నడిచింది. పత్రిక వేళకు వెళ్లింది.

వకీలుకూ మంగలికీ విలువ ఒకటేనని రైల్లో చదివిన వకీలు, ఆ వాక్యం నిజమో కాదో వడ్రంగుల భుజం పక్కన భుజం పెట్టి తేల్చుకున్నాడు. పుస్తకం అక్కడికి తీసుకువెళ్లగలదు, చక్రం మాత్రం తిప్పిపెట్టదు. చదివిన ప్రతి పుస్తకానికీ బతుకు మార్చుకోనక్కరలేదు. కాని ఏళ్ల తరబడి చదువుతూ, ఒక్క పుస్తకం వల్ల కూడా ఒక్క అలవాటు కదలలేదంటే, మనం పుస్తకాల్లో మన అభిప్రాయాలనే వెతుక్కుంటున్నామేమో చూసుకోవాలి.

1915 జనవరి 9న ఆయన దేశానికి తిరిగి వచ్చారు. ఏడాది పాటు దేశమంతా తిరిగి చూడాలని, ప్రజా సమస్యల మీద మాట్లాడకూడదని గోఖలే గారు మాట తీసుకున్నారు. ఫిబ్రవరిలో గోఖలే గారు కన్నుమూశారు. మాట తీసుకున్న మనిషి పోయినా మాట నిలిచింది. పేరు మారుమోగుతున్న నలభై ఐదేళ్ల మనిషి ఏడాది పాటు విని ఊరుకోవడం ఎంత కష్టమో ఈ కాలం వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఆ తిరుగుడులోనే హరిద్వార్ కుంభమేళాకు, అక్కడి నుంచి రిషీకేశ్‌కు వెళ్లారు. గంగలో స్నానం చేసి వస్తుంటే ఒక సన్యాసి ఆయన పిలక లేని తలను, జంధ్యం లేని మెడను చూసి నొచ్చుకున్నాడు. హిందువువై ఉండి బయటి గుర్తులు రెండూ లేకపోవడం బాధగా ఉందన్నాడు.

గాంధీ ఆ మాటను తోసిపుచ్చలేదు. రెండింటినీ విడివిడిగా తూచారు. పిలక ఎందుకు తీసేశాడు? ఇంగ్లండ్ వెళ్లేటప్పుడు టోపీ తీస్తే నవ్వుతారని, తెల్లవాళ్ల కళ్లకు అనాగరికంగా కనిపిస్తానని భయపడి తీసేశాడు. దక్షిణాఫ్రికాలో భక్తిగా పిలక ఉంచుకున్న బంధువు చేత కూడా తీయించాడు. అది పిరికితనం, కాబట్టి మళ్లీ పెంచుతానన్నారు. జంధ్యం సంగతి వేరు. లెక్కలేనంత మంది హిందువులు అది లేకుండానే హిందువులుగా ఉన్నారు, దాన్ని వేసుకునే హక్కు శూద్రులకు లేదంటున్నారు, అస్పృశ్యత, హెచ్చుతగ్గులు, మోసం పోయిన నాడే ఆ గుర్తుకు అర్థం, అంతవరకు వేసుకోను అన్నారు. ఒకే గంగ ఒడ్డున, ఒకే ప్రశ్నకు, వంశం నుంచి వచ్చిన రెండింటిలో ఒకదాన్ని తిరిగి తీసుకుని, ఒకదాన్ని కాదన్నారు. తీసుకోవడానికీ కాదనడానికీ ఆయన చూసింది ఒక్కటే, ఆ పని వెనుక ఉన్నది భయమా, నమ్మకమా అని. ఆయన జీవితంలో ఆత్మపరిశీలన ఇంత స్పష్టంగా కనిపించే ఘట్టం నాకు మరొకటి కనిపించలేదు.

ఇందాక కస్తూర్బా గారి మాట ఎత్తాను, దాన్ని అలా వదిలేయడం న్యాయం కాదు. ఆమె సులువైన గుజరాతీని కష్టం మీద చదివేవారు. చేసిన ప్రయాణాలన్నీ భర్త నిర్ణయాలు. నేను ఇంతసేపు చెప్పిన దారిలో ఆమెకు చోటే లేదు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవన్నట్టు తీర్పు ఇచ్చింది. దానికి నిరసనగా ఫీనిక్స్‌లోని ఆడవాళ్లతో గాంధీ జైలుకు వెళ్లడం గురించి మాట్లాడారు గాని, భార్యను అడగలేదు. అడిగితే ఆమె కాదనదు, కాని ఆ అవునన్న మాటకు విలువ ఎంతో తెలియదు అన్నది ఆయన సందేహం. ఆ మాటలు చెవిన పడి ఆమే వచ్చి అడిగారు, నాకెందుకు చెప్పలేదు, జైలుకు వెళ్లడానికి నాలో ఉన్న లోపం ఏమిటి అని. భయపడి మధ్యలో వెనక్కి వస్తే ఎలా అన్నదానికి, పిల్లలు భరిస్తున్నారు, మీరు భరిస్తున్నారు, నేను భరించలేనా అన్నారు. సెప్టెంబరులో సరిహద్దు దాటి అరెస్టయ్యారు. మూడు నెలల కఠిన శిక్ష పడింది. ఉంచింది పీటర్‌మారిట్జ్‌బర్గ్ జైల్లోనే. చిక్కి శల్యమై బయటికి వచ్చారు.

అందుకని ఈ వారం ఆత్మకథ ఇంటికి తీసుకువెళ్లే విద్యార్థులు, దక్షిణాఫ్రికా సత్యాగ్రహం గురించి ఆయన రాసిన పుస్తకంలోని ఆ అధ్యాయాన్ని కూడా పక్కన పెట్టుకుని చదవాలని కోరుతూ, ఓపికగా విన్న మీ అందరికీ నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.